ఆగయ్య కార్డు మీద గాలయ్య

మా బీమా కంపెనీ మేనేజరు భూషణ్ సార్ నోట ‘ఫ్యూచర్’ అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు రోత పుట్టేది. కల్యాణ్‌లో ఒక హోటల్ హాలు అద్దెకు తీసుకుని, ఏజెంట్లందర్నీ ప్లాస్టిక్ కుర్చీల్లో వరుసగా కూర్చోబెట్టి, నెలనెలా ఆ మాటే చెప్పేవాడు. సర్కారు కంపెనీల కాలం అయిపోయిందట. ఇక ఏజెంటు బతుకు జీవిత బీమాలో లేదట, ఆరోగ్య బీమాలోనే ఉందట. రోగం రాని ఇల్లు లేదు కాబట్టి మనకు గిరాకీ లేని రోజు ఉండదట. అంత మాట అని నవ్వేవాడు. కూర్చున్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు, సమోసాలు ఇంకా పంచలేదు కాబట్టి.

నా పేరు దెబోరా. మా నాన్న సుందర్‌రాజు కోరుట్ల దిక్కు నుంచి బొంబాయి పక్కన భివండీకి వచ్చి సాంచెలు నడిపాడు. పవర్‌లూమును మావాళ్లు సాంచె అంటారు. నేను చదివింది మరాఠీ బడిలో, తెలుగు అక్షరాలు నేర్చుకుంది చర్చిలో. రెండువేల రెండులో కొత్త కంపెనీలు ఏజెంట్ల కోసం వీధివీధి వెతుకుతున్నప్పుడు, మరాఠీ రాయగలిగి తెలుగులో ఒప్పించగలిగే ఆడమనిషి దొరికిందని భూషణ్ నన్ను పట్టుకున్నాడు. నాకు కూడా పని కావాలి. రోగమొస్తే ఊరికి పారిపోవడం తప్ప వేరే దారి తెలియని మనుషుల మధ్య పెరిగాను కాబట్టి, ఈ పనిలో ఏదో మంచి ఉందని నిజంగానే నమ్మాను.

కంపెనీ కార్మికుల కోసం ఒక స్కీము తెచ్చింది. కార్ఖానా యజమాని పేర్లు ఇస్తాడు, ఒక్కొక్కరికి ఒక కార్డు వస్తుంది, ఆస్పత్రిలో కార్డు చూపిస్తే చాలు. నిజాంపురాలో పర్శరాములు సేటు మొదట ఒప్పుకున్నాడు. ఆయన కూడా మావాడే, ఒకప్పుడు సాంచెల మీద పనిచేసినవాడే, కానీ ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ముఖం మాడ్చుకునేవాడు. పనివాళ్లకు జ్వరమొస్తే తన ఇంటి మెట్లెక్కకుండా ఉంటారన్న ఆశతో ఒప్పుకున్నాడే తప్ప, వాళ్ల మీద ప్రేమ పొంగి కాదు.

కార్డులు వచ్చాక చూస్తే వాటి మీద ఫోటోలు లేవు. పేరు, సేటు పేరు, ఒక నంబరు, అంతే. భూషణ్‌ను అడిగాను. “ఫోటోలంటే ఖర్చు, ఆలస్యం. వచ్చే ఏడాది చూద్దాం. ముందు పంచు,” అన్నాడు. సారా సీసాల మీద కూడా బొమ్మ ఉంటుంది, మనుషుల కార్డు మీద ఉండదా అని నాకు ఒళ్లు మండింది. నెల జీతం లెక్క తప్ప వేరేది పట్టని మేనేజరుకు ఏం చెప్తాం.

సాంచెలు ఆడుతున్నప్పుడు పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. కరెంటు పోతేనే నా వ్యాపారం. కరెంటు పోవడం కోసం గుమ్మంలో గుడ్డ తాన్ల మీద కూర్చుని ఎదురుచూసేదాన్ని. షెడ్డు నిశ్శబ్దం కాగానే లేచి, ఇది మీ కార్డు, ఇట్లా చూపించాలి, ఇట్లా దాచుకోవాలి అని చెప్పేదాన్ని. వాళ్లు చెవుల్లోంచి దూది తీసుకుంటూ వినేవాళ్లు. ఆగయ్య అనే నడివయసు మనిషి ఒక్కడే ప్రశ్న అడిగాడు.

“చెల్లె, గీ కార్డు నాదేనా, సేటుదా?”

“నీదే అన్నా. నీ పేరు మీదనే ఉంది.”

“గట్లయితే మంచిది,” అని కార్డును కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. వాళ్ల చెల్లెలు బుచ్చమ్మ అదే షెడ్డులో మూల కూర్చుని కండెలు చుట్టేది. ఆమె చేతులు ఆగలేదు గానీ ముఖం ఎత్తి అన్న వైపు చూసి సంతోషపడింది.

వానాకాలం మొదట్లో ఊళ్లో ఆగయ్య తల్లి పడిపోయి నడుము విరిగింది. అతను వెళ్లక తప్పదు. భివండీలో సాంచెల మీద నుంచి మనిషి లేస్తే ఆ స్థానం పోతుంది, వెనక పదిమంది చూస్తుంటారు. అందుకే వెళ్లేవాడు తన మనిషిని ఒకణ్ణి బదలి పెట్టి పోతాడు. బదలి అంటే కేవలం పని కాదు. వెళ్లినవాడి సాంచెలు ఇతను నడుపుతాడు, ఖానావళిలో అతని పళ్లెంలో తింటాడు, షెడ్డు పైన అతని చాప మీద పడుకుంటాడు. సేటు ‘ఆగయ్యా’ అని కేక వేస్తే బదలివాడే పలుకుతాడు. కూలి ఆగయ్య పేరు మీదే వస్తుంది. ఇందులో దొంగతనం ఏమీ లేదు. పనివాళ్ల మీద పెద్ద అయిన ముకాదానికి తెలుసు, సేటుకు తెలుసు, ఖానావళి నడిపే ఆమెకు తెలుసు. ఒకరి చోటును ఇంకొకరు పోకుండా కాపాడిపెట్టడమే దాని ధర్మం. నలభై ఏళ్లుగా ఈ ఊరు అట్లాగే నడిచింది.

ఆగయ్య పెట్టిన బదలి గాలయ్య, అంటే బుచ్చమ్మ భర్త. అప్పటిదాకా కాల్హేర్ గోదాముల్లో మూటలు ఎత్తేవాడు. భార్య అన్న చోటు నిలబెట్టడానికి ఆ పని వదిలేసి వచ్చాడు. వెళ్లేముందు ఆగయ్య సాంచెలూ చాపా అప్పజెప్పినట్టే కార్డు కూడా అప్పజెప్పాడు. ‘జరమొస్తే ఇది చూపియ్యి’ అని చెప్పి మరీ ఇచ్చాడు. వాళ్ల లెక్కలో అది సరిగ్గా చేయాల్సిన పనే.

జ్వరం రానే వచ్చింది. షెడ్ల వెనక మురికినీళ్లలో పుట్టే దోమలకు భివండీలో ఎవరూ లెక్కకాదు. గాలయ్య వొణుకుతూ సాంచె పక్కనే కూలబడితే, ముకాదం కొమురయ్య రిక్షాలో వేసుకుని నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాడు. వెంట బుచ్చమ్మ. కౌంటర్ మీద కొమురయ్య కార్డు పెట్టాడు. గుమాస్తా కార్డు చూసి పేరు రాసుకున్నాడు: ఆగయ్య. పక్కన నిలబడ్డ ఆమెను చూసి, “పేషెంటు భార్యవేనా?” అని అడిగాడు. నిజమే కదా, ఆమె తల ఊపింది. అది కూడా రాసుకున్నాడు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు, కానీ మరాఠీ కాగితం మీద బుచ్చమ్మ తన తోడబుట్టిన అన్నకు పెళ్లాం అయిపోయింది.

ఆస్పత్రివాళ్లు స్కీము మొదటి కేసు అని నాకు ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే మంచం మీద గాలయ్య. తలాపున వేలాడే అట్ట మీద ఆగయ్య పేరు. అంతలో నర్సు గుమ్మంలోంచి, “ఆగయ్య బీవీ, మందులు తీసుకో,” అని పిలిచింది. బుచ్చమ్మ చెవులు మూసుకున్నంత పని చేసింది.

“గట్ల పిలువద్దని చెప్పు చెల్లె,” అంది నా చెయ్యి పట్టుకుని. “ఆయన మా అన్న. నాకన్న పెద్దోడు. పొద్దటిసంది గదే పిలుపు. ఛీ, నా పెయ్యి జలదరిస్తున్నది.”

“నేను సరిచేపిస్త అక్కా,” అన్నాను.

నర్సింగ్ హోమ్ ఎదురుగా ఉన్న బూత్‌లోంచి భూషణ్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈ మనిషి ఆగయ్య కాదు, బదలి. పేరు మార్పించాలి, గాలయ్యకు వేరే కార్డు ఇవ్వడానికి దారేదైనా ఉంటే చూడాలి అన్నాను. అతను హిందీలో చాలా తీయగా అడిగాడు.

“కార్డు ఉందా?”

“ఉంది.”

“పేషెంటు ఉన్నాడా?”

“ఉన్నాడు సార్, కానీ...”

“ఇంకేం కావాలి దెబోరా? మన మొదటి క్లెయిమ్ ఇది. ఇది పాసైతే భివండీలో ప్రతి కార్ఖానా మనదే. నేను రేపు పొద్దున వస్తున్నా. నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు.”

పొద్దున అతను ఒంటరిగా రాలేదు. వెంట ఒక ఫోటోగ్రాఫర్, చేతిలో ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తి. గాలయ్యకు అప్పటికే స్పృహ సరిగా లేదు, కళ్లు పసుపు పచ్చగా తేలిపోతున్నాయి. భూషణ్ మంచం మీద ఒక పక్క కూర్చుని, ఆ పూలగుత్తిని గాలయ్య ఛాతీ మీద పెట్టి, జారిపోకుండా తనే అతని చెయ్యి ఎత్తి దాని మీద వేశాడు. “ఆగయ్యా, ఇటు చూడు, నవ్వు,” అన్నాడు. ఫోటోగ్రాఫర్ సెలైన్ సీసా అడ్డమొస్తోందని స్టాండును పక్కకు జరిపాడు. ఫోటో తీశాక భూషణ్ చేతి రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు.

“సార్, బయటికి రండి,” అన్నాను.

వరండాలో నిలబెట్టి మళ్లీ చెప్పాను. ఆమె అతని భార్య, ఆగయ్యకు చెల్లెలు. అట్లా పిలుస్తుంటే ఆమె సిగ్గుతో చచ్చిపోతోంది అన్నాను. అతను నన్ను జాలిగా చూశాడు.

“కాగితం మీద మాటకు సిగ్గేమిటి? ఈమెకు చదవడం వచ్చా? రాదు. నయమైపోయి ఇంటికి పోతారు, మర్చిపోతారు. చూడు దెబోరా, ఈ వ్యాపారం ఎటు పోతోందో నీకు తెలియడం లేదు. రేపటి ఏజెంటు మనుషుల ఇళ్లకు పోడు. ఫోన్‌లో అమ్ముతాడు, నంబరు చూసి అమ్ముతాడు. ముఖాలు చూసేవాళ్లు, కన్నీళ్లు తుడిచేవాళ్లు ఇందులో నిలబడరు. నువ్వు తెలివైనదానివి. వచ్చే నెల నుంచి కొత్త ఏజెంట్లకు పాఠాలు చెప్పే పని నీకే ఇద్దామనుకుంటున్నా.”

ఆ పని నాకు కావాలి. దాంతో ఒక గదిలోంచి రెండు గదుల్లోకి పోవచ్చు. కానీ ఆ వరండాలో, మందుల వాసన మధ్య, అతని నోట్లోంచి అది వినగానే ఎంగిలి చెయ్యి నా నోట్లో పెట్టినట్టు అనిపించింది. లోపలికి వెళ్లి డాక్టరుతో నేరుగా మాట్లాడబోతే, “పేర్ల సంగతి మీరూ మీరూ చూసుకోండి, నాకు వైద్యం ఉంది,” అని తలుపు మూసుకున్నాడు. అతని వైద్యం ఏపాటిదో మర్నాడు తెలిసింది. మలేరియా మెదడుకెక్కి, సాయంత్రం గాలయ్య చనిపోయాడు.

మనిషి పోయిన ఇంటి ముందు మా ఆడవాళ్లు గొంతెత్తి ఏడుస్తారు. పోయినవాణ్ణి పిలుస్తూ, వాడు చేసిన మంచీ చెడూ చెప్తూ, పక్క వాడకు వినపడేలా ఏడుస్తారు. బుచ్చమ్మ మాత్రం ఆస్పత్రి మెట్ల మీద చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పర్శరాములు సేటు ఆమె చుట్టూ తిరుగుతూ, “ఏడ్వకు, ఏమన్నా ఒర్రినవంటె పోలీసులొస్తరు, నన్ను గూడ గుంజుతరు,” అంటున్నాడు. సొంత ఊరి మనిషి శవం లోపల ఉంది, ఇతనికి తన చొక్కా మడతల బెంగ. నేను అతన్ని పక్కకు పొమ్మని ఆమె దగ్గర కూర్చున్నాను.

“ఏడువక్కా,” అన్నాను.

“ఎవల పేరు మీద ఏడువాలె చెల్లె? లోపట అందరు ఆగయ్య సచ్చిండు, ఆగయ్య సచ్చిండు అంటున్నరు. బతికున్న అన్నకు శోకం పెట్టాల్నా నేను?”

శవాన్ని ఆ పూట ఇవ్వలేదు. కాగితాలు పొద్దునే అన్నారు. ఊరికి ఫోన్ కొట్టించాం. జ్వరం ముదిరిందన్న కబురు అంతకుముందే అంది ఆగయ్య బస్సెక్కి ఉన్నాడు. తెల్లారి అతను సంచీ భుజాన వేసుకుని నేరుగా నర్సింగ్ హోమ్‌కు వచ్చాడు. చెల్లెల్ని చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. అతను గోడకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. “నా చోటులకొచ్చి పాయె,” అని మాత్రం అన్నాడు.

కౌంటర్ దగ్గర అందరూ చేరారు. గుమాస్తా, భూషణ్, సేటు, ముకాదం కొమురయ్య, అన్నాచెల్లెళ్లు, నేను. మరణ ధ్రువీకరణ కాగితం రాసి ఉంది. కింద బుచ్చమ్మ వేలిముద్ర పడితే శవాన్ని ఇస్తారు. భూషణ్ నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు.

“వీళ్లకు తెలుగులో చెప్పు. ముద్ర వేస్తే కార్డు మీద బిల్లు మొత్తం తీరిపోతుంది, ఎవరికీ ఏ బాధా లేదు. వేరే పేరు చెప్తే ఇది మోసం కేసు. కార్డు ఇచ్చినవాడు లోపలికి పోతాడు, వాడుకున్న ఆమె లోపలికి పోతుంది. స్కీము మూతపడుతుంది.”

నా నోటితో ఆ మాట చెప్పించాలని అతని కోరిక. తను చెప్తే అది బెదిరింపు అవుతుంది, నేను చెప్తే సలహా అవుతుంది. అయినా వాళ్ల మెడ మీద ఏం వేలాడుతోందో వాళ్లకు తెలియాలి కాబట్టి, ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పాను. ఎవరు చెప్పమన్నారో కూడా చెప్పాను.

ఆగయ్య చెల్లెలి వైపు చూడకుండా ముందుకొచ్చాడు.

“ఆగయ్య అనే రాసుకోండ్రి సార్. నా పేరు పోతే పోయింది. మా బావకు మట్టి కావాలె. రేపటిసంది నేనే గాలయ్య అని సాంచె మీద నిలబడ్త. ఎవలకు నష్టం?”

సేటుకు ప్రాణం లేచొచ్చింది. “మంచి మాట చెప్పినవ్ ఆగయ్యా,” అన్నాడు. భూషణ్‌కు తెలుగు రాకపోయినా ముఖాల్ని బట్టి అర్థమైంది, ఇంకు ప్యాడు తీసి కౌంటర్ మీద పెట్టాడు. బతికున్న మనిషి తన పేరును చితి మీద పెట్టడానికి సిద్ధపడితే, చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అంత రోత నేను ఇంకెక్కడా చూడలేదు.

“అన్నా, ఆ కాగితంల ఏం రాసిన్రో నీకు ఎరుకేనా?” అన్నాను.

“ఏమున్నది?”

గుమాస్తా చేతిలోంచి కాగితం లాక్కుని మరాఠీలో ఉన్నది తెలుగులో చదివాను. మృతుడు ఆగయ్య. భార్య బుచ్చమ్మ. ముద్ర వేస్తున్నది మృతుడి భార్య.

ఆగయ్య నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు. “ఛీ, ఛీ,” అన్నాడు, “నేను ఎత్తుకొని పెంచిన పోరి,” అని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కొమురయ్య తల దించుకున్నాడు. సేటు మాత్రం, “కాయిదమే కదా,” అని గొణిగాడు. భూషణ్ ఇంకు ప్యాడును బుచ్చమ్మ వైపు ఇంకొంచెం జరిపాడు.

బుచ్చమ్మ నోట్లోంచి కొంగు తీసింది. గుమాస్తా ఎదురుగా వచ్చి నిలబడింది. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషన్ దుకాణంలోనూ, ఓట్ల దగ్గరా పక్కవాళ్లతో చెప్పించుకుంటారు. ఆమె కూడా పెళ్లయిన నాటి నుంచి పలికి ఉండదు.

“గాలయ్య,” అంది. గుమాస్తాకు వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అంది. “నా పెనిమిటి పేరు గాలయ్య. ఈయన మా అన్న, బతికున్నడు. జైలంటె జైలే. మా అన్నకు నేను పెండ్లాన్ని కాను.”

గుమాస్తా నా వైపు చూశాడు. భూషణ్ కూడా నా వైపే చూస్తున్నాడు. గుమాస్తా చేతిలోని పెన్ను తీసుకుని, ఆ మాటను అదే కాగితం వెనక మరాఠీలో రాశాను. చనిపోయినది గాలయ్య, ఆగయ్యకు బదలి వచ్చినవాడు, ఈమె అతని భార్య. మొదటిరోజే ఈ సంగతి కంపెనీ మనిషికి ఫోన్‌లో చెప్పానని కూడా చేర్చాను. కింద సంతకం పెట్టి, ఏజెంటు అని కూడా రాశాను.

“నీకు ఈ లైన్‌లో ఇక ఏ దారీ లేదు, అర్థమైందా?” అన్నాడు భూషణ్. అతని గొంతులో తీపి అంతా పోయింది.

“నీ లైన్ నీ దగ్గరనే పెట్టుకో,” అన్నాను. తెలుగులోనే అన్నాను, అయినా అర్థమైనట్టుంది. ఫోన్ తీసి ఎవరికో డయల్ చేస్తూ బయటికి పోయాడు. సేటు అతని వెనకే పరిగెత్తాడు.

కంపెనీ వాళ్లు ఏం చేస్తారో, పోలీసులు వస్తారో రారో, ఆస్పత్రివాడు శవాన్ని ఎంతసేపు ఆపుతాడో మాకు ఎవరికీ తెలియదు. నా సంతకం ఉన్నాక గుమాస్తాకు వేరే దారి లేకపోయింది. విసుక్కుంటూ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి, పాత పేరు మీద గీత కొట్టి, పక్కన కొత్త పేరు రాసి ముద్ర కొట్టాడు.

బుచ్చమ్మకు చదవడం రాదు. “ఏం రాసిండో సదువు చెల్లె,” అంది.

“మృతుడు గాలయ్య,” అని చదివాను. “భార్య బుచ్చమ్మ.”

ఆమె వేలిముద్ర వేసింది. ఇంకు వేలిని కొంగుకు తుడుచుకుంటూనే నేల మీద కూలబడి, రొమ్ము మీద కొట్టుకుంటూ గొంతెత్తింది. మూటలు మోసినోడా, నా ఎనుక నడిచినోడా, అన్న చోటు కాపాడబోయి నన్ను ఒక్కదాన్ని చేసినోడా అని, వార్డుల్లో రోగులు లేచి కూర్చునేలా ఏడ్చింది. ఆగయ్య ఆమె పక్కనే కూర్చుని తల నిమురుతూ తనూ ఏడ్చాడు. గుమాస్తా చప్పుడు చేయొద్దని చెయ్యి ఊపాడు. ఆమె ఆపలేదు, మేమూ ఆపమనలేదు.